పది రెట్ల భూతద్దం: పాత లోహపు ముక్కలు చూడ్డానికి పనికొస్తుందా?

చెన్నై ఎన్‌.ఎస్‌.సి. బోస్ రోడ్డులో నగల పనిముట్లు అమ్మే కొట్లో కొన్న మడత భూతద్దం ఇది. కంసాలులు లూప్ అంటారు. నేను మాత్రం కొన్నేళ్లుగా చిలుము, తుప్పు చూడ్డానికే వాడుతున్నాను.

ముందు ఒక మాట. పైన 30×21 అని చెక్కినవి కొనకండి. ముప్పై రెట్లు చూపాలంటే వస్తువు అద్దానికి 8 మి.మీ. దగ్గరికి రావాలి. 21 మి.మీ. వెడల్పు అద్దంతో అయ్యే పని కాదు. నిజానికి అవీ పది దరిదాపుల్లోనే ఉంటాయి. నాది మూడు అద్దాలు అతికించిన ట్రిప్లెట్, అంచుల్లో రంగులు చిమ్మదు.

నెల్లూరులో ఇంటి అటక మీద దొరికిందని బావ ఒక ముక్క తెచ్చి, రాతియుగపు బాకు అన్నాడు. రాతియుగంలో లోహమేంటి బావా! నడిమధ్యన వెన్ను ఉంది, ఈటె మొన అనుకోవచ్చు. కానీ ఆకుపచ్చ అంతటా ఒకే మందంలో ఉంది, గుంటల్లో సన్నటి బుడగలు, పూసిన రంగులా. మట్టిలో ఏళ్లతరబడి పట్టిన చిలుమైతే పెచ్చు లేచిన చోట కింద ఎర్రటి పొర కనిపించాలి. ఇక్కడ పసుపుపచ్చ ఇత్తడి మెరిసింది. ఏ షోకేసు బొమ్మ బల్లేనిదో! బావ ఇప్పటికీ ఒప్పుకోడు.

ఇనుము దగ్గర ఇది ఇంకా బాగా పనికొస్తుంది. పురావస్తు మిత్రుడి బల్ల మీద ఒక మొన చూశాను. పిడిలోకి దిగే తోక మీద తుప్పులో కర్ర నారలు గీతగీతగా అచ్చుపడ్డాయి. కర్ర ఎప్పుడో పోయింది, పిడి ఉండేదని మాత్రం తేలిపోయింది. అన్నట్టు, అయస్కాంతం లాగలేదని ఇనుము కాదనుకోకండి. లోపలిదాకా తుప్పైపోతే సరిగ్గా లాగదు.

చేతకానివీ ఉన్నాయి. రాగా, తగరం కలిసిన కంచా అన్నది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం చెప్పాలి. చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో, 1900 ప్రాంతంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తమిళనాడు దక్షిణాన ఆదిచ్చనల్లూర్ అనే పాత శ్మశానంలో తవ్వించిన ఇనుప ఆయుధాల ముందు ఇది దండగ. రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఫోకస్ అవుతుంది, మధ్యలో గాజు.

ముక్క దొరికితే చింతపండుతో తోమకండి, ఆ చిలుమే సాక్ష్యం. భూమిలో దొరికిందైతే, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం.

కొనేముందు గళ్ల కాగితం మీద పెట్టి చూడండి. అంచుల్లో గీతలు వంగితే వదిలేయండి. నా దాని మడత స్క్రూ మాత్రం తరచూ వదులవుతుంది, కళ్లద్దాల స్క్రూడ్రైవర్ దగ్గరుంచుకోవాల్సిందే.