ఇద్దరికీ రెండు రోజులు: నల్లమలా, సాగరా?

హైదరాబాద్ నుంచి కారులో ఇద్దరమే వెళ్దామంటే మా ఇంట్లో ప్రతిసారీ ఇదే చర్చ. ఆయనది నాగార్జునసాగర్, నాది నల్లమల అడవి.

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి మొదలవుతుంది. ఫర్హాబాద్‌లో సఫారీ ఉంది. పులి కనిపిస్తుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి. జింకలు, నెమళ్లు, కొండముచ్చులు కనిపించినా నాకు చాలు. వ్యూపాయింట్ దగ్గర నిలబడి లోయ చూస్తుంటే ఇద్దరికీ మాటలు రావు. దారిలో ఉమామహేశ్వరం కొండ ఎక్కాం, ఆ చల్లదనం ఇంకా గుర్తుంది. ఒక్క జాగ్రత్త: రాత్రి 9 తర్వాత అడవి దారి మూసేస్తారు, తెల్లారి 6కే తీస్తారు. ఆలస్యమైతే టెన్షనే.

సాగర్ వైపు అంత హడావుడి లేదు. 26 గేట్ల డ్యామ్, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం, 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్క్ బుద్ధవనం. నల్గొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం తప్పక చూడండి. గర్భగుడిలో శివలింగం వెనుక పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. ఆ నీడ ముందు మేం అరగంట కూర్చున్నాం.

ఒక్క రోజే ఉంటే సాగర్. రెండు రోజులు దొరికితే, వానలు తగ్గాక, నా ఓటు నల్లమలకే.