వంజంగి మంచు, నాలుగు సాఫ్ట్‌వేర్లు

డిసెంబరులో మూడు రోజులు అరకు, పాడేరు తిరిగి వచ్చాక, ఆ ఫొటోలను దిద్దడం నేర్చుకోవడానికి మరో మూడు వారాలు పట్టింది. ప్రయాణంలో దేనికి ఎంత విలువ ఉందో నాకు తెలిసింది కూడా ఇంట్లో తెర ముందు కూర్చున్నాకే.

విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలులో పెద్ద కిటికీలు, అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె ఎక్కాను. సొరంగాలూ లోయలూ చూడటానికి అంతకు మించిన చోటు లేదు గాని, అద్దంలోంచి తీసిన ప్రతి ఫొటోలోనూ ఎదుటి సీటు నీడ పడింది, దాన్ని శుభ్రంగా తుడిచేయడం నాకు ఏ సాఫ్ట్‌వేరులోనూ చేతకాలేదు. ఫొటోల కోసమే వెళ్లేవారు అనంతగిరి ఘాటు రోడ్డులో కాఫీ తోటల దగ్గర ఆగుతూ కారులో పోవడం మేలు. వలిసె పూల చేలు కూడా ఆ దారిలో వెళ్లేవారికే చేతికందుతాయి.

అరకులో నేను దిగిన లాడ్జిలో ప్లగ్గు ఒక్కటే, అదీ టీవీ వెనక. కెమెరా బ్యాటరీ పెడితే ల్యాప్‌టాప్‌కు చోటు లేదు. పాడేరులో దొరికిన గది ఇంకా చిన్నదే అయినా, వేకువన మూడున్నరకు అడగకుండానే టీ ఇచ్చారు. పైగా మబ్బుల మీంచి సూర్యోదయం చూసే వంజంగి కొండ అక్కడికి దగ్గర కనుక, సూర్యోదయం కోసం వెళ్లేవారికి నా ఓటు పాడేరుకే.

వంజంగి కొండ మీద నిలబడితే మబ్బులు కాళ్ల కింద పరుచుకుని ఉంటాయి. తెల్లటి మంచును చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచుకోవాలన్న సంగతి నాకు నలభై ఫొటోలు అయ్యాక గాని గుర్తు రాలేదు. ఆ నలభై బూడిద రంగులో వచ్చినా, రా ఫైళ్లు (కెమెరా పట్టినదాన్ని దిద్దకుండా, కుదించకుండా దాచేవి) కావడం వల్ల దక్కాయి. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 ఛాయలుంటే, కుదించి దాచే మామూలు జేపెగ్ ఫొటోలో 256 మాత్రమే. అందుకే జేపెగ్‌లో చీకటి భాగాన్ని బాగా పైకి లాగితే ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది.

మొదట ఫోనులోని స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టాను. ఉచితం, వేలితో జరిపితే చాలు. కాని అందులో వెలుగునీడల్లోని వివరాలను పైకి తెచ్చే హెచ్‌డీఆర్ స్కేప్‌ను కాస్త ఎక్కువ వాడేసరికి సిల్వర్ ఓక్ చెట్ల చుట్టూ తెల్లటి అంచు దేవుడి పటంలోని వెలుగులా మెరిసింది. లైట్‌రూమ్‌లో ఆకాశాన్ని ఒక్క నొక్కుతో విడిగా ఎంచుకోవచ్చు, కొత్తవారికి అన్నిటికన్నా సులువు, అయితే నెలనెలా చందా కట్టాలి. నేను చేసిన పెద్ద తప్పూ అందులోనే: మసకను తొలగించే డీహేజ్ స్లయిడరును 40 దాకా తోశాను. లోయ స్పష్టంగా కనిపించింది, మంచు మాయమైంది. మంచు కోసం కదా అంత చలిలో కొండెక్కింది! ఆ స్లయిడరునే సున్నా కిందికి, మైనస్ 8కి దింపినప్పుడు నేను చూసిన ఉదయం తిరిగి వచ్చింది.

చివరికి నిలిచింది డార్క్‌టేబుల్. ఉచితమే, కాని మొదటి వారం ఏ మాడ్యూలు (దిద్దే పనిముట్టు) ఎక్కడుందో వెతకడంతోనే సరిపోయింది. మూల ఫైలును ముట్టకుండా మార్పులన్నీ పక్కన ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో రాసుకుంటుంది కనుక భయం లేకుండా పాడుచేసి నేర్చుకోవచ్చు. వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే వేకువ నీలం చప్పబడుతోందని గ్రహించి, పగటి వెలుతురుకు సరిపోయే 5,500 కెల్విన్ దగ్గర ఉంచాను. కాంట్రాస్టు పెంచాక ఆకాశంలో సెన్సరు మీది దుమ్ము చుక్కలు ఏడు బయటపడ్డాయి, వాటిని గింప్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరులో చెరిపాను. గింప్ రా ఫైలును నేరుగా తెరవదు, డార్క్‌టేబుల్ లాంటి దాని నుంచి పంపాలి.

ఒక ఫొటోను స్టూడియోలో అచ్చు వేయిస్తే నల్లగా వచ్చింది. ల్యాప్‌టాప్ తెర వెలుగు పూర్తిగా పెట్టుకుని దిద్దడమే కారణం. తెరను సగానికి తగ్గించి, ఫొటోలో వెలుగు పెంచి, రెండోసారి వేయించాను.