ఐర్లాండ్‌లో కొన్న రెండు స్వెటర్లు: ఎనిమిదేళ్లు వాడాక

మేం డబ్లిన్ వచ్చింది 2017 అక్టోబర్‌లో. వచ్చిన రెండో వారంలోనే, టూరిస్టులు ఎక్కువ తిరిగే ఒక వీధిలో, ఇక్కడి ఆరన్ దీవుల పేరు మీద అమ్మే క్రీమ్ రంగు ఆరన్ స్వెటర్ కొన్నాను. మెత్తగా ఉంది, జడలు జడలుగా అల్లిక ఉంది, ధర 70 యూరోల లోపే. రెండో చలికాలానికల్లా మోచేతుల దగ్గర ఉండలు కట్టి, నడుము దగ్గర సాగిపోయి పాత దిండు గలీబులా తయారైంది. అప్పుడు లేబుల్ చదివాను. ‘డిజైన్డ్ ఇన్ ఐర్లాండ్’ అని ఉంది. అంటే డిజైన్ ఒక్కటే ఇక్కడిది, అల్లింది ఎక్కడో రాయలేదు. షాపువాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, కొనేటప్పుడు నేనే చదవలేదు.

రెండోది 2018 జూన్‌లో ఇనిష్ మోర్‌లో కొన్నాను. గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న మూడు ఆరన్ దీవుల్లో అదే పెద్దది. రోసవీల్ రేవు నుంచి పడవలో 40 నిమిషాలు. ఆ రోజు అలలు ఎక్కువగా ఉన్నాయి, మా ఆయన అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్లు తెరవలేదు. డూన్ ఏంగస్ రాతికోటకి వెళ్లే దారి మొదట్లో చిన్న చిన్న షాపులున్నాయి. అక్కడ చేత్తో అల్లిన స్వెటర్ 200 యూరోలు దాటింది. లేబుల్ మీద అల్లినావిడ పేరు పెన్నుతో రాసి ఉంది. మా ఆయన నా మొహం చూశారు, నేను లేబుల్ చూశాను. కొనేశాం.

ఇప్పటికి ఎనిమిదో చలికాలం. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వారానికి మూడు నాలుగు రోజులైనా వేసుకుంటాను. ఆకారం చెడలేదు. సన్న జల్లు పడితే నీళ్లు ఉన్ని పైనే ముత్యాల్లా నిలుస్తాయి, దులిపితే పోతాయి. గొర్రె ఒంట్లోని జిడ్డు ఉన్నిలో కొంత మిగిలి ఉండటం వల్లే అలా. ఆ జిడ్డుతో ఇంకో సంగతి కూడా ఉంది: బాగా తడిస్తే వాసన వస్తుంది. మా అబ్బాయి ‘అమ్మా, గొర్రె వచ్చింది’ అంటాడు. మెడ దగ్గర గుచ్చుకుంటుంది, లోపల కాలర్ ఉన్న చొక్కా ఉండాల్సిందే. బరువు కిలో పైనే. కారులో హీటర్ వేస్తే ఐదు నిమిషాల్లో తీసేయాలనిపిస్తుంది.

ఉతకడం ఏడాదికి రెండుసార్లే. చన్నీళ్లలో కాస్త షాంపూ వేసి నానబెడతాను. పిండను, తువ్వాల్లో చుట్టి మోకాలితో నొక్కుతాను. తర్వాత ఇంకో తువ్వాలు మీద పరిచి ఆరేస్తాను. మొదటి ఏడాది మన అలవాటు కొద్దీ దండెం మీద వేశాను. గంటకి చూస్తే చేతులు మోకాళ్ల దాకా సాగాయి. మళ్లీ తడిపి, నెమ్మదిగా సర్ది, పరిచి పెడితే దారికొచ్చింది.

కొనబోయేవాళ్లు లేబుల్ మీద మూడు మాటలు చూసుకోవాలి. ‘హ్యాండ్ నిటెడ్’ అంటే సూదులతో చేత్తో అల్లింది. ‘హ్యాండ్ ఫినిష్డ్’ అంటే మెషీన్ మీద చేసి చివరి కుట్లు చేత్తో వేసింది. మన తెలుగువాళ్లు పడిపోయేది మూడో మాట దగ్గర. ‘హ్యాండ్ లూమ్డ్’ అనగానే మనకి చేనేత గుర్తొస్తుంది, చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. ఇక్కడ ఆ మాటకి అర్థం చేత్తో నడిపే అల్లిక మెషీన్ అని. చెడ్డదేమీ కాదు, కానీ దానికి సూదుల అల్లిక ధర ఇవ్వకూడదు. నిజమైన చేతి అల్లికని తిరగేసి చూస్తే కుట్లు అక్కడక్కడ కాస్త బిగుతుగా, కాస్త వదులుగా తెలుస్తాయి. ఇంకొకటి, మెత్తగా ఉందంటే అది సాధారణంగా మెరీనో ఉన్ని. మెరీనో ఐర్లాండ్ గొర్రె కాదు, ఆ ఉన్ని బయటి దేశాల నుంచి వస్తుంది. ఇక్కడే అల్లి ఉండొచ్చు, అది వేరే విషయం.

షాపుల్లో ఒక కథ కూడా అమ్ముతారు. ప్రతి వంశానికీ ఒక అల్లిక ఉండేదట, సముద్రంలో మునిగిపోయిన జాలరిని స్వెటర్ చూసి గుర్తుపట్టేవారట. విన్నప్పుడు నాకూ కళ్లు చెమర్చాయి. ఆ నమ్మకానికి మూలం చాలావరకు ఐరిష్ రచయిత జె.ఎం. సింగ్ రాయగా 1904లో ప్రదర్శించిన ‘రైడర్స్ టు ద సీ’ నాటకం. అందులో చెల్లెళ్లు అన్నని గుర్తుపట్టేది మేజోడులో జారిన కుట్లు చూసి. స్వెటర్ ఊసే లేదు. ఈ జడల స్వెటర్ 20వ శతాబ్దం మొదట్లో పుట్టింది. 1960లలో అమెరికాలో క్లాన్సీ బ్రదర్స్ అనే పాటల బృందం వేసుకుని టీవీలో కనిపించాక దానికి గిరాకీ పెరిగింది. కాబట్టి ‘మీ వంశం అల్లిక’ అంటూ ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

2023 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి డోనెగాల్ ట్వీడ్ టోపీ కొన్నాం. ట్వీడ్ అంటే మందపాటి ఉన్ని గుడ్డ, డోనెగాల్ ఇక్కడ వాయవ్యాన ఉన్న జిల్లా. బూడిద రంగు గుడ్డలో చక్కిలంలో నువ్వుల్లా ఎర్ర, పసుపు, నీలం చుక్కలుంటాయి. అవి అద్దకం కాదు, దారం వడికేటప్పుడే కలిపిన రంగు ఉన్ని. కానీ ఇలాంటి చుక్కల గుడ్డ ఎక్కడ నేసినా ‘డోనెగాల్’ అనేస్తున్నారు. మన దగ్గర ‘పోచంపల్లి ప్రింట్’ చీరల సంగతి తెలిసినవాళ్లకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. వీలైతే ఆ జిల్లాలోని ఆర్డరా దాకా వెళ్లండి, ఇప్పటికీ మగ్గం మీద నేసేవాళ్లున్న ఊరు. నాన్న ఆ టోపీ ఖమ్మంలో జనవరి పొద్దున్నే వాకింగ్‌కి పెట్టుకుంటారు. బంధువులు డిటెక్టివ్ అంటున్నారట, అయినా తీయడం లేదు.

అమ్మకి క్లాడా ఉంగరం కొందామనుకున్నాను. రెండు చేతులు ఒక గుండెని పట్టుకుంటాయి, పైన కిరీటం. గాల్వే పక్కనున్న క్లాడా అనే జాలరిపల్లె పేరు మీద వచ్చింది. అమ్మ ఉంగరం తిప్పి చూసి, “పద్నాలుగు క్యారెట్లా! ఇదేం బంగారమే, వద్దు” అంది. వెండిది తీసుకున్నాం. లోపల కూర్చున్న స్త్రీ బొమ్మ ముద్ర ఉంది. దాన్ని హైబర్నియా అంటారు, బంగారం, వెండి పరీక్షించి ముద్ర వేసే డబ్లిన్ అస్సే ఆఫీసు గుర్తు. అయితే ఆ ముద్ర లోహం స్వచ్ఛతకి పూచీ, అంతే. ఉంగరం ఎక్కడ చేశారో అది చెప్పదు. ఆ మాట షాపులో విడిగా అడగాలి.

తమ్ముడికి బౌరాన్ పంపాను. మేకతోలు బిగించిన వాద్యం, మన డప్పుకి దూరపు చుట్టం. మూడు ఆకుల బొమ్మ వేసినవి గోడకి తగిలించుకోవడానికే. వాయించాలంటే తోలు బిగువు సర్దుకునే మరలున్నది తీసుకోవాలి. డప్పుకి మనం మంట చూపిస్తాం కదా, హైదరాబాద్ ఎండలో దీనికి తిరగబడింది. తోలు బిగిసిపోయి రేకు డబ్బాలా మోగుతుంటే, లోపలివైపు తడిగుడ్డతో తుడిచి వాయిస్తున్నాడు.

వచ్చేవాళ్లకి ప్రయాణం సంగతులు కొన్ని. షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదు, ఐర్లాండ్ వీసా వేరే తీసుకోవాలి. బెలీక్ పింగాణీ చూద్దామనో, సముద్రపు ఒడ్డున రాతి స్తంభాలుండే జెయింట్స్ కాజ్‌వేకి వెళ్దామనో అనుకుంటే అవి ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే యూకేలో ఉన్నాయి. దారిలో ఎవరూ ఆపరు కదా అని బస్సెక్కేయకండి, వీసా మీద ‘బీఐవీఎస్’ (ఒకే వీసాతో ఐర్లాండ్, యూకే రెండూ తిరగనిచ్చే పథకం) అని ఉందో లేదో ముందే చూసుకోండి. ప్లగ్గులు ఇంగ్లండ్ తరహా మూడు పలకల పిన్నులు. జూన్‌లో కూడా సాయంత్రాలు చలిగానే ఉంటాయి, స్వెటర్ కావాలి. కానీ ఇండియాలో లావుది కొని పెట్టె నింపుకోవద్దు. ఇక్కడ మొదటి రెండు రోజుల్లోనే కొనుక్కుంటే ట్రిప్పంతా వేసుకోవచ్చు.

వ్యాట్ 23 శాతం. ఇండియాలో ఉండేవాళ్లు 75 యూరోలకి మించి కొంటే, ఆ వ్యాట్ వెనక్కి తీసుకోవడానికి షాపులో ఫారం అడగాలి. మధ్యలో ఉండే ఏజెన్సీ తన ఖర్చు పట్టుకుంటుంది, 23 శాతం పూర్తిగా రాదు. యూరోపియన్ యూనియన్ దాటే చివరి ఎయిర్‌పోర్టులో ఫారం పని పూర్తిచేయాలి: దోహా మీదుగా వెళ్తే డబ్లిన్‌లోనే, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే అక్కడ. అమ్మావాళ్లు వెళ్లే రోజు ఫారాలు పెద్ద పెట్టెలో పెట్టి చెకిన్ చేసేశాను. గుర్తొచ్చేసరికి పెట్టె బెల్టు మీద వెళ్లిపోయింది. నలభై యూరోల పైన పోయాయి, నాన్న ఇప్పటికీ ఫోన్‌లో గుర్తుచేస్తారు.

నా స్వెటర్‌కి ఈ చలికాలం ఎడమ చేతి అంచు విడిపోయింది. క్రీమ్ రంగు ఉన్ని కొని, వీడియో చూస్తూ నేనే అల్లుకున్నాను. కొత్త ఉన్ని బాగా తెల్లగా కనిపిస్తోంది. రెండు ఉతుకులకి కలిసిపోతుందని పక్కింటావిడ చెప్పింది. ఒక ఉతుకు అయింది, ఇంకా కలవలేదు.