రాస్‌బెర్రీ పై 4, అయిదేళ్ల వాడకం: లేవనిది బోర్డు కాదు, కార్డు

మా టీవీ వెనకాల 2020 నుంచి 2 జీబీ రాస్‌బెర్రీ పై 4 ఒకటి రాత్రీ పగలూ నడుస్తోంది. ఇది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, హార్డ్ డిస్క్ బదులు మెమరీ కార్డు మీద నడుస్తుంది. ఫోన్లలో ప్రకటనలు ఆపడం, ఇంటిల్లిపాది ఫొటోలు దాచడం దాని పని. ఇన్నేళ్లలో మూడుసార్లు బూట్ కాలేదు, అంటే ఆన్ చేసినా లేవలేదు. మూడుసార్లూ బోర్డులో ఏ లోపమూ లేదు. తెర నల్లగా ఉందని మంచి బోర్డుని మూల పడేస్తున్నవాళ్లని చూశాను, అందుకే ఇదంతా రాస్తున్నా.

మొదటిసారి గాలివాన రోజు. కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. ఎర్ర లైటు వెలుగుతోంది గానీ తెర మీద ఏమీ లేదు. ఆకుపచ్చ లైటు మాత్రం నాలుగుసార్లు మినుకుమని, కాసేపు ఆగి, మళ్లీ నాలుగుసార్లు. ఆ లెక్కకి అర్థం ఉంది: నాలుగంటే కార్డులో బోర్డుని లేపే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడంటే సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ దొరకలేదని. కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి, ఆ ఫైళ్లుండే భాగాన్ని (బూట్ పార్టిషన్) సరిచేసి, ఆ ఫైళ్లు మళ్లీ కాపీ చేస్తే లేచింది.

రెండోసారి తప్పు ఛార్జర్‌ది. ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ ఛార్జర్ వాడాను. 18 వాట్లని రాసి ఉన్నా అది 9 వోల్టుల దగ్గర లెక్క. ఈ బోర్డు తీసుకునేది 5 వోల్టులే, దానికి 3 ఆంపియర్లు కావాలి. వోల్టేజీ 4.63 కంటే కిందికి పడిపోతే ఎర్ర లైటు ఆరిపోతుంది. సన్నటి పొడుగు కేబుల్ ఉన్నా అంతే. సరైన అడాప్టర్ కొన్నాక ఆ బాధ పోయింది.

మూడోసారిది నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. కార్డు మీదికి సిస్టమ్‌ని రాసే ఇమేజర్ అనే ప్రోగ్రాంతో కొత్త ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) ఎక్కించాను. రాయడం చివరిదాకా బాగానే సాగింది, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే వెరిఫై దగ్గరికొచ్చేసరికి తప్పు చూపించింది. కార్డు రీడర్ మార్చాను, లాప్‌టాప్ మార్చాను, అదే తంతు. చివరికి కార్డులోని ఒక ఫొటోని చెరిపేసి, కార్డు బయటికి తీసి మళ్లీ పెట్టాను. ఫొటో అక్కడే ఉంది! ఏం రాసినా సరేనంటోంది, ఒక్క అక్షరం నిలుపుకోవడం లేదు. రాత సామర్థ్యం అయిపోయిన కార్డు కొన్నిసార్లు ఇలా చదవడానికి మాత్రమే మిగులుతుంది. దాన్ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు. అందులో ఉన్నవి చదవగలిగినంతకాలం కాపీ చేసుకోవడమే దారి. నా ఫొటోలు అలాగే దక్కాయి.

కొత్త కార్డు కొన్నప్పుడు ఇప్పుడు ముందు ఎఫ్3 అనే టూల్‌తో నిండా రాయించి చదివిస్తాను. 64 జీబీ అని అమ్మి లోపల అంతలో కొంతే ఉన్న నకిలీలు దానికి దొరికిపోతాయి. ఆ సైజు కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, బోర్డు ఆ ఫార్మాట్ నుంచి బూట్ కాదు. ఇమేజర్ వాడితే ఆ చిక్కు ఉండదు. ఇంకొకటి, మానిటర్ కేబుల్‌ని పవర్ పక్కనున్న హెచ్‌డీఎంఐకే పెట్టండి. కార్డు అసలు కనబడకపోతే ఆ మాట తెర మీదే వస్తుంది.

బోర్డు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. ఇరవైనాలుగు గంటల పనికి మాత్రం మామూలు మెమరీ కార్డుని నేనిక నమ్మను. రెండేళ్లుగా యూఎస్‌బీకి తగిలించిన ఎస్ఎస్‌డీ డిస్క్ నుంచే బూట్ చేస్తున్నాను. అన్నీ ఎక్కించిన కార్డు ఒకటి డ్రాయర్‌లో పెట్టాను. దాన్ని కూడా ఆర్నెల్లకోసారి బోర్డులో పెట్టి, లేస్తోందో లేదో చూసి మళ్లీ దాస్తాను.