గంట మోగితే లేచి రావాల్సిందే: జెన్ సాధనలో ఆరేళ్ళు

కాలిఫోర్నియాలో మేముండే ఊళ్ళోని జెండోకి, అంటే జెన్ బౌద్ధుల ధ్యానమందిరానికి, ఆరేళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు వెళ్తున్నాను. ఎలా కూర్చోవాలి, శ్వాస ఎలా లెక్కపెట్టాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది దోకుసాన్ గురించి, అంటే గురువుతో ఒంటరిగా కూర్చోవడం గురించి.

మిగతావాళ్ళు ధ్యానంలో ఉండగానే ఒక్కొక్కరం లేచి వరుసలో కూర్చుంటాం. వంతు రాగానే గంట రెండుసార్లు కొట్టి లోపలికి వెళ్ళి, నమస్కరించి, మన కోఆన్ ఏమిటో, అంటే తర్కానికి లొంగదని గురువు మనకిచ్చిన చిక్కుప్రశ్న ఏమిటో, చెప్పాలి. చాలామందికిలాగే నాకూ మొదట ఇచ్చింది 'ము'. 1228లో చైనాలో వుమెన్ హుయికాయ్ కూర్చిన 48 కోఆన్లలో అదే మొదటిది. "కుక్కకు బుద్ధ స్వభావం ఉందా?" అని ఒక భిక్షువు అడిగితే జావోజౌ అనే చైనా గురువు "లేదు" అన్నాడు. ఆ 'లేదు'నే జపనీస్‌లో 'ము' అంటారు. ప్రాణులన్నిటికీ ఉందని సూత్రాలు చెబుతుంటే ఈయన లేదంటాడేమిటి?

ధ్యానమన్న మన మాటే చైనాలో చాన్, జపాన్‌లో జెన్ అయింది కదా, నాకిందులో కొత్తేముంటుందిలే అనుకున్నాను. అద్వైతం వింటూ పెరిగినవాణ్ణి. నేతి నేతి అన్నాను, తాడూ పామూ చెప్పాను, శూన్యమంటే ఏమిటో వివరించాను. ప్రతిసారీ గురువు చేతిగంట మోగేది. అది మోగితే మాట సగంలో ఉన్నా దండం పెట్టి లేచి రావాలి. పద్నాలుగో నెలలో ఒకరోజు నేను నోరు తెరవకముందే మోగింది. ఒళ్ళు మండింది. కారెక్కి ఇంటికి వచ్చేశాను, రెండు నెలలు అటువైపు వెళ్ళలేదు.

ఎవరూ ఫోన్ చేయలేదు. తిరిగి వెళ్ళిన సాయంత్రం ఆలస్యమైంది, అప్పటికే అందరూ కూర్చున్నారు. నా పక్కన కూర్చునే పెద్దావిడ లేచి, గోడవార నుంచి నా దిండు తెచ్చి వేసింది. మోకాలి కింద పెట్టుకునే మడత దుప్పటి కూడా మరిచిపోలేదు. ఒక్క మాట లేదు. కూర్చున్నంతసేపూ కన్నీళ్ళు ఆగలేదు. ఆ రాత్రి దోకుసాన్‌కి వెళ్తే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. గురువు గంట మీద చెయ్యి వేయలేదు.

లోపల జరిగింది బయట చెప్పకూడదని మాకు నియమం, చెబితే మీ దారికే అడ్డం. 'ము' దాటడానికి ఆ తర్వాత ఇంకో ఏడాది పట్టింది. కానీ ఆ గంటంటే నాకు ప్రాణం. చదివింది ఒప్పజెప్పి తప్పించుకుపోయే నా అలవాటుకు ఇన్నేళ్ళలో అడ్డుపడింది అదొక్కటే.

ఎవరూ ఫోన్ చేయకపోవడం మనిషికిచ్చే గౌరవమని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా అనలేను. పోయినేడాది ఒక కుర్రాడు రావడం మానేశాడు. వాళ్ళమ్మ పోయిందని మాకు తెలిసేసరికి మూడు నెలలైంది. అప్పటినుంచి రెండు వారాలు ఎవరు కనబడకపోయినా నేనే ఫోన్ చేస్తున్నాను.

మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఏడు రోజుల సెషిన్‌కి, అంటే ధ్యాన శిబిరానికి, సెలవు దొరుకుతుంది. చంటిపిల్లలున్నవాళ్ళకు ఇంత కుదరదు. మనసు బాగా దెబ్బతిని ఉంటే ముందు డాక్టర్ని కలవమనే చెబుతాను. మామూలుగా అడిగినవాళ్ళను మాత్రం ఒక సాయంత్రం వచ్చి ఊరికే కూర్చోమంటున్నాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కుర్చీలు కూడా వేస్తారు.