రౌండుకు పాయింట్లా, స్థానానికి పాయింట్లా: డ్రాగ్ సిరీస్‌కు ఏది మేలు?

సీజన్ మొదలయ్యే ముందు చిన్న డ్రాగ్ సిరీస్‌ల (రెండేసి బళ్లు పక్కపక్కన నేరుగా పరుగెత్తి, ఓడినది వెనుదిరిగే రేసుల) నిర్వాహకులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. గెలిచిన ఒక్కో రౌండుకు ఇన్ని పాయింట్లు ఇవ్వాలా? లేక సర్క్యూట్ రేసుల్లో మాదిరి ఒకటో స్థానానికి ఇన్ని, రెండో స్థానానికి ఇన్ని అని పట్టిక వేసుకోవాలా? రెండూ వాడుకలో ఉన్నవే. ఈ రెంటికీ మధ్య మూడో పద్ధతి ఒకటుంది. చూడ్డానికి మొదటిదానిలాగే ఉంటుంది కాబట్టి చాలామంది తేడా గమనించరు. సీజన్ మధ్యలో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం దానివల్లే.

ముందు స్థానాల పట్టిక సంగతి. దానికున్న బలం కాదనలేం. చూసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ఎన్ని బళ్లు వచ్చినా విజేతకు దక్కేది మారదు. కానీ నాకౌట్ పోటీలో ట్రాక్ మీద నిజంగా తేలే స్థానాలు రెండే: ఫైనల్ గెలిచినవాళ్లు, ఫైనల్ ఓడినవాళ్లు. సెమీస్‌లో ఓడిన ఇద్దరిలో మూడెవరు, నాలుగెవరు అన్నది ఎవరూ తేల్చలేదు. 16 బళ్ల పోటీలో మొదటి రౌండులోనే వెనుదిరిగేవాళ్లు 8 మంది. వాళ్లను 9 నుంచి 16 దాకా వరసపెట్టాలంటే ఆ వరసను మనమే ఎక్కడినుంచో తెచ్చి పెట్టాలి.

ఎక్కడినుంచి తెస్తాం? హెడ్స్-అప్ క్లాసులో (ఇద్దరూ ఒకేసారి బయల్దేరి, ముందు గీత దాటినవాళ్లు గెలిచేది) సాధారణంగా ఓడిన పరుగు ఈటీ, అంటే బండి కదిలినప్పటి నుంచి గీత దాటేదాకా పట్టిన సమయం, చూస్తారు. అయితే ఈటీ గడియారం గ్రీన్ వెలిగినప్పుడు మొదలవ్వదు, బండి స్టేజ్ బీమ్ (స్టార్ట్ లైన్ దగ్గరి కాంతి కిరణం) దాటినప్పుడు మొదలవుతుంది. 0.002 సెకను ముందుగా కదిలి రెడ్‌లైట్ తెచ్చుకుని ఓడిన బండే ఆ రౌండులో అందరికన్నా మంచి ఈటీ తీసి ఉండొచ్చు. దానికి తొమ్మిదో స్థానం ఇవ్వాలా, పదహారోదా? బ్రాకెట్ క్లాసులో (తమ బండి ఎంత సమయం తీస్తుందో ఎవరికివారు ముందే చెప్పి, నెమ్మది బండి ఆ తేడా మేరకు ముందు బయల్దేరేది) అయితే ఈటీకి విలువే లేదు. డయల్-ఇన్ (ముందుగా చెప్పే ఆ అంచనా సమయం) రాసుకున్నాక 9.80 బండీ 14.20 బండీ సమానం. పోనీ డయల్-ఇన్‌కు ఎంత దగ్గరగా వచ్చారో చూద్దామంటే, బ్రేకౌట్ (డయల్-ఇన్ కన్నా వేగంగా పరుగెత్తి ఓడడం) అవుతుందేమోనని గీత ముందు బ్రేక్ వేసి, అంచనా తప్పి పక్కబండికి గెలుపు అప్పగించినవాళ్ల సంగతేమిటి? ఆ ఈటీ బండి సత్తానూ చెప్పదు, డ్రైవర్ సత్తానూ చెప్పదు. క్వాలిఫయింగ్ (నాకౌట్‌కు ముందు జతలను తేల్చే పరుగులు) వరసను బట్టి ఇస్తామంటే క్వాలిఫయింగ్‌కు రెండుసార్లు బహుమతి ఇచ్చినట్టే. ఒకటో నంబరు వాళ్లకు పదహారో నంబరు ప్రత్యర్థి దొరకడమే అప్పటికే ఒక బహుమతి.

దీనికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది భద్రత. ఓడిన పరుగు ఈటీకి పాయింట్లు ముడిపెడితే, ఓటమి ఖాయమైన డ్రైవర్ కూడా థ్రాటిల్ వదలడు. టైర్లు పట్టు తప్పి జారుతున్నా, బండి మధ్యగీత వైపు లాగుతున్నా, తొమ్మిదో స్థానానికీ పన్నెండో స్థానానికీ మధ్యనున్న రెండు మూడు పాయింట్ల కోసం తొక్కుతూనే ఉంటాడు. రౌండు లెక్కలో ఆ ఆశ ఉండదు. ఓడిపోయామని తెలిసిన క్షణమే కాలు తీసేస్తారు, ఇంజినూ మిగులుతుంది. ఇంకే కారణం లేకపోయినా ఈ ఒక్కటి చాలు, హెడ్స్-అప్ క్లాసులకు స్థానాల పట్టిక వద్దని చెప్పడానికి.

ఇక రౌండు లెక్క. ఇందులో రెండు రకాలున్నాయని మొదట గుర్తించాలి. ఒకటి మొదటి రౌండు నుంచి ముందుకు లెక్కపెట్టడం: ఎలిమినేషన్స్‌లో (నాకౌట్ రౌండ్లలో) నిలిచినందుకు 20, ఆపైన గెలిచిన ప్రతి రౌండుకూ 20. రెండోది, అంటే మొదట్లో చెప్పిన ఆ మూడో పద్ధతి, ఫైనల్ నుంచి వెనక్కి లెక్కపెట్టడం: విజేతకు 100, రన్నరప్‌కు 80, సెమీస్‌లో ఓడితే 60, దానికి ముందు రౌండులో ఓడితే 40, ఇంకా ముందైతే 20. 16 బళ్లు నిండుగా ఉన్నప్పుడు రెండూ అక్షరాలా ఒకటే. అమెరికాలో పెద్ద డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ప్రొఫెషనల్ క్లాసుల పట్టిక ఈ 100-80-60-40-20 మెట్ల మీదే నడుస్తుంది. అక్కడ అది సరిగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే ఎలిమినేషన్స్ 16 బళ్ల చట్రంలోనే జరుగుతాయి.

ఆ పట్టికను చూసి యథాతథంగా చిన్న సిరీస్‌కు దించుకుంటే ఏమవుతుందో లెక్కేయండి. ఒక ఈవెంట్‌లో మీ క్లాసుకు నాలుగే బళ్లు వచ్చాయి. నాలుగు బళ్లంటే మొదటి రౌండే సెమీస్. వెనక్కి లెక్కపెడితే మొదటి రౌండులోనే ఓడినవాళ్లకు 60 వస్తాయి. నిండు 16 బళ్ల పోటీలో రెండు రౌండ్లు గెలిచి మూడోదాంట్లో ఓడినవాళ్లకూ 60 పాయింట్లే. పలచని ఈవెంట్లు మూడు ఏరుకుని, ఒక్క రౌండూ గెలవకుండా 180 పోగేసుకోవచ్చు. మూడు నిండు పోటీల్లో తలా ఒక రౌండు గెలిచినవాళ్ల దగ్గర 120 ఉంటాయి. ముందుకు లెక్కపెడితే ఆ మొదటాయనకు మూడు ఈవెంట్లకు 60, రెండో ఆయనకు 120. ఎవరు ఎంతమందిని ఓడించారో పట్టికలో అంతే కనబడుతుంది. బళ్ల సంఖ్య ఈవెంట్‌కూ ఈవెంట్‌కూ మారే సిరీస్‌లో నా దృష్టిలో నిర్ణయాత్మకమైన అంశం ఇదే. ముందుకు లెక్క పెట్టండి.

దానికీ ఒక లోపం ఉంది. 32 బళ్ల ఈవెంట్‌లో ఐదు రౌండ్లు, విజేతకు 120. 8 బళ్లలో మూడు రౌండ్లు, విజేతకు 80. ఒకే క్లాసులో ఇది న్యాయమే, ఎక్కువమందిని దాటినవాళ్లకు ఎక్కువ. కానీ అన్ని క్లాసులనూ కలిపి ఒకే ఛాంపియన్‌ను ప్రకటించాలనుకుంటే చెడుతుంది. బళ్లు తక్కువున్న క్లాసువాళ్లు అన్నీ గెలిచినా పైకి రాలేరు. అలాంటి ఉమ్మడి టైటిల్ తప్పదనుకుంటే, వచ్చిన పాయింట్లను ఆ రోజు ఆ క్లాసులో రాగలిగిన గరిష్ఠ పాయింట్లతో భాగించి శాతాలు పోల్చండి. స్థానాల పట్టికకు నిజంగా పనికొచ్చే చోటంటూ ఉంటే ఈ ఉమ్మడి లెక్క ఒక్కటే. అక్కడైనా శాతాలే నయం.

రౌండు లెక్క ఎంచుకున్నాక వెంటనే ఎదురయ్యే ప్రశ్న బై. ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా పరుగెత్తినందుకు 20 ఇవ్వాలా? ఇవ్వాలి. ఆరు బళ్ల ఈవెంట్ తీసుకోండి. మొదటి రౌండులో మూడు జతలు, మిగిలిన ముగ్గురిలో ఒకరికి బై, తర్వాత ఫైనల్. బైకి సున్నా అంటే, బై దొరికి ఈవెంట్ గెలిచినవాళ్లకు 20, 20, 20 కలిపి 60. ఫైనల్లో ఓడిన ప్రత్యర్థి రెండు రౌండ్లూ పోటీపడి గెలిచారు కాబట్టి వాళ్లకూ 60. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ సమానమైపోతే ఆ పట్టిక నిలవదు. అయితే షరతు స్పష్టంగా రాయాలి: బండి సొంత ఇంజిన్ బలంతో స్టేజ్ అయ్యి (స్టార్ట్ లైన్ బీముల్లో నిలిచి), స్టార్ట్ సిగ్నల్ అందుకోవాలి. తోసుకుంటూ తెచ్చి బీముల్లో నిలబెడితే చెల్లదు. ఒంటరి పరుగులో రెడ్‌లైట్‌ను ఓటమిగా లెక్కించబోమని కూడా రాయండి, లేదంటే లైన్ దగ్గరే వాదన మొదలవుతుంది. ప్రత్యర్థి బండి విరిగి రాలేకపోయినా ఇదే నియమం. క్లాసులో ఒక్క బండే ఉంటే మాత్రం హాజరు పాయింట్లు తప్ప బై పాయింట్లు ఉండకూడదు.

అదనపు పాయింట్ల విషయంలో ఒకే కొలత పెట్టుకోండి: ఒక ఈవెంట్‌లో రాగలిగిన బోనస్‌లన్నీ కలిపినా ఒక రౌండు గెలుపులో సగం దాటకూడదు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో క్వాలిఫయింగ్ స్థానానికి ఒకటో నంబరుకు 8 నుంచి చివరివాళ్లకు 1 దాకా ఇస్తారు. హెడ్స్-అప్ క్లాసుకు ఈ నిష్పత్తి బాగా కుదురుతుంది. బ్రాకెట్ క్లాసులో క్వాలిఫయింగ్ పాయింట్లే వద్దు. అక్కడ ప్రాక్టీస్ పరుగులు డయల్-ఇన్ వెతుక్కోవడానికి, పాయింట్లు ఏరుకోవడానికి కాదు.

రికార్డు బోనస్ ఎంత దూరం వెళ్లగలదో 2006లో అందరూ చూశారు. పొమోనాలో జరిగిన ఆ సీజన్ చివరి రేసు ఫైనల్‌కు వచ్చేసరికి టోనీ షూమాకర్‌కు టాప్ ఫ్యూయెల్ (ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో అత్యంత వేగవంతమైన క్లాసు) టైటిల్ దక్కాలంటే రేసు గెలవాలి, జాతీయ రికార్డూ బద్దలు కొట్టాలి. ఆ పరుగు 4.428 సెకన్లలో ముగిసింది. రికార్డుకు 20 పాయింట్లు కలిసి, డగ్ కలిటాపై 14 పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు. ఆ 20 లేకపోతే 6 పాయింట్లతో ఓడేవాడు. డ్రాగ్ రేసింగ్ చరిత్రలో అంతటి పరుగు అరుదు, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ రికార్డు ఈటీలు చల్లని, పొడి, చిక్కని గాలిలోనే వస్తాయి. ఎత్తైన చోటనో ఎండలోనో జరిగే ఈవెంట్‌లో ఎంత గొప్ప బండికీ ఆ అవకాశం రాదు. చిన్న సిరీస్‌లో ఆ బోనస్ పెడితే అనుకూలమైన రోజున వచ్చినవాళ్లకు రౌండు గెలుపంత విలువ ఊరికే ఇచ్చినట్టవుతుంది. రికార్డుకు ట్రోఫీ ఇవ్వండి, పాయింట్లు వద్దు.

అన్ని ఈవెంట్లూ లెక్కించాలా, తక్కువ వచ్చినవి వదిలేయాలా అన్నది తర్వాతి ఎంపిక. దీని ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఎనిమిది ఈవెంట్ల సిరీస్‌లో ఒకరు ప్రతిసారీ 60 తెచ్చుకున్నారనుకోండి, మొత్తం 480. ఇంకొకరికి 100, 100, 20, 20, 100, 0, 60, 40 వచ్చాయి, మొత్తం 440. అన్నీ లెక్కిస్తే మొదటివాళ్లది టైటిల్. ఒక్క ఈవెంట్ వదిలినా 420కి 440, రెండోవాళ్లది. రెండు వదిలితే 360కి 420. నిలకడకూ మెరుపుకూ మధ్య త్రాసు ఒక్క డ్రాప్‌తో తిరగబడుతుందన్నమాట. నా మొగ్గు ఎనిమిదింటికి ఒకటి వదలడం వైపు. ఇంజిన్ పోతే విప్పి, బోర్ చేయించి, కట్టి, సెట్ చేసే లోపు ఒక ఈవెంట్ చేజారడం మామూలే. సీజన్ మొత్తాన్ని దానికి బలిచేయడం సరికాదు. రెండోది వదిలితే హాజరుకు విలువ తగ్గి, చివరి ఈవెంట్లకు బళ్లు రావడం మానేస్తాయి. టెక్‌లో (సాంకేతిక తనిఖీలో) బరువు తక్కువనో ఇంధనం తేడా అనో అనర్హత పడిన ఈవెంట్‌ను మాత్రం వదిలేయనివ్వకూడదు, ఆ సున్నా లెక్కలో ఉండాల్సిందే. సిరీస్‌లో ఈవెంట్లు చాలా ఎక్కువుంటే ‘మొదట హాజరైన ఇన్నింటిలో మేలైనవి ఇన్ని’ అని రాయండి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ స్పోర్ట్స్‌మన్ (ప్రొఫెషనల్ కాని) క్లాసుల్లో పద్ధతి ఈ తరహాదే. ఊరికే ‘మేలైన ఆరు’ అంటే డబ్బుండి అన్నిచోట్లకీ తిరిగేవాళ్లకు ఎక్కువ అవకాశాలు అమ్మినట్టే.

చివర్లో పాయింట్లు రీసెట్ చేసే ప్లేఆఫ్ పద్ధతిని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 2007లో తెచ్చింది. ఇరవై దాకా రేసులు, టీవీ ప్రసారాలు ఉన్నచోట దానికో అర్థముంది. ఆరు, ఎనిమిది ఈవెంట్ల సిరీస్‌కు అనవసరం.

బ్రాకెట్ క్లాసులో బై-బ్యాక్ పెట్టే పక్షంలో, మొదటి రౌండు ఓడి మళ్లీ డబ్బు కట్టి లోపలికొచ్చినవాళ్లకు ప్రైజు దాకా పోటీపడే హక్కు ఉండాలి కానీ పాయింట్లు మొదటి ఓటమి దగ్గరే ఆగిపోవాలి. పాయింట్లు డ్రైవర్‌వి, బండివి కావు. ఒకే డ్రైవర్ ఒకే క్లాసులో రెండు బళ్లు దింపితే ఏది పాయింట్ల బండో మొదటి క్వాలిఫయింగ్ పరుగుకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

వాన పడి ఈవెంట్ ఆగిపోతే పూర్తయిన రౌండ్ల పాయింట్లు నిలుస్తాయి. సగంలో ఆగిన రౌండులో ఇప్పటికే గెలిచిన జతల పాయింట్లు గెలిచినవాళ్లవే, పరుగెత్తని జతల్లో ఇద్దరికీ అప్పటిదాకా వచ్చినవే. ఆ రౌండు మొత్తాన్ని రద్దు చేయాలనేవాళ్లూ ఉన్నారు, కానీ టైమ్ స్లిప్ (పరుగు ఫలితం చీటీ) చేతిలో ఉన్న గెలుపును వెనక్కి తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

సీజన్ చివర్లో పాయింట్లు సమానమైతే ముందు ఎక్కువ ఈవెంట్లు గెలిచినవాళ్లు, అదీ సమానమైతే ప్రత్యర్థి ఉన్న రౌండ్లు ఎక్కువ గెలిచినవాళ్లు (ఇక్కడ బైలు తీసేయాలి), ఆ తర్వాత ముఖాముఖి ఫలితం. అప్పటికీ తేలకపోతే చివరి ఈవెంట్ మర్నాడు కాదు, ఆ సాయంత్రమే ఇద్దరినీ లైన్ దగ్గరికి పిలిచి ఒక్క పరుగు పెట్టించండి. లేన్ ఎంపికకు నాణెం ఎగరేస్తామని రూల్ బుక్‌లో ముందే రాసి ఉంచండి.