పాత పంటి ఇంప్లాంట్ ఏ కంపెనీదో తేల్చాలంటే ఏది మేలు: కార్డా, డాక్టర్ చూపా, ఏఐనా?

పోయిన పన్ను చోట ఎముకలో ఇంప్లాంట్ పెట్టించుకున్న కొన్నేళ్లకు పైన క్యాప్ కదులుతుంది. పెట్టిన డాక్టర్ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు. పేషెంట్ వచ్చేది గుంటూరు కొత్తపేటకో, బెజవాడ సూర్యారావుపేటకో. లోపలి స్క్రూ బిగించాలంటే దానికి సరిపోయే డ్రైవర్, అంటే స్క్రూ తిప్పే పనిముట్టు, ఉండాలి. ఒక కంపెనీ స్క్రూ తలలో ఆరు పలకల గుంట ఉంటే, ఇంకో కంపెనీదాంట్లో నక్షత్రం ఆకారం ఉంటుంది. సరిపోనిది పెట్టి తిప్పితే గుంట అరిగిపోతుంది. ఆ తర్వాత స్క్రూ బయటికి తీయడానికే నానా తంటాలు పడాలి.

ఇంప్లాంట్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు ఉంటే అసలు పోటీయే లేదు. దాని మీద అతికించే ఇంప్లాంట్ ప్యాకెట్ స్టిక్కర్‌లో కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ అన్నీ ఉంటాయి. కానీ "అమ్మా, కార్డేమైనా ఇచ్చారా?" అని అడిగితే "ఇచ్చారు బాబూ, ఇల్లు మారినప్పుడు ఎక్కడ పెట్టామో" అంటారు. అందుకే, పెట్టించుకునే రోజే ఆ స్టిక్కర్ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

కార్డు లేకపోతే ఎక్స్‌రేయే దిక్కు. అనుభవమున్న డాక్టర్ ఇంప్లాంట్ మెడ భాగం నున్నగా ఉందా, అక్కడిదాకా మరలు (స్క్రూ గాట్లు) వచ్చాయా అని చూస్తారు. ఒళ్లు తిన్నగా ఉందా, కిందికి సన్నబడిందా, మరల మధ్య ఎడమెంత, కొసన రంధ్రముందా అనేవి గమనిస్తారు. తను వాడినవైతే ఇట్టే పోలుస్తారు. వాడనివైతే కేటలాగులు తిరగేయాల్సిందే.

ఎక్స్‌రే చూసి రకం చెప్పే ఏఐ బలం ఇక్కడే. 2020లో కొరియాలో 10,770 ఎక్స్‌రే చిత్రాలతో చేసిన అధ్యయనంలో ఏఐ స్కోరు 0.971, చిగుళ్ల స్పెషలిస్ట్‌ది 0.925. 1 వస్తే తప్పే లేనట్టు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కానీ, అక్కడ గుర్తుపట్టాల్సినవి మూడు రకాలే. అదే ఏడాది జపాన్‌లో జరిగిన మరో అధ్యయనంలో 11 రకాలు. నేర్పని రకాన్ని చూపిస్తే, "తెలియదు" అనేలా ప్రత్యేకంగా తయారు చేయకపోతే, నేర్చుకున్నవాటిలో దగ్గరగా ఉన్నదాని పేరు చెప్పేస్తుంది. మన దగ్గర కొరియా, ఇజ్రాయెల్, స్విస్, స్వదేశీ ఇంప్లాంట్లన్నీ కలగలిసి ఉన్నాయి. నాకు భయం అక్కడే. ఇక మామూలు చాట్‌బాట్‌లో ఓపీజీ (దవడంతా కనిపించే ఎక్స్‌రే) ఫోటో పెట్టి అడిగితే వచ్చే జవాబును నమ్మి డ్రైవర్ పట్టుకోకూడదు.

ఖరీదైన స్కాన్ తీయిస్తే తేలిపోతుందన్నది కూడా పొరపాటే. సీబీసీటీలో (దవడను త్రీడీలో చూపే స్కాన్) ఎముక బాగా కనిపిస్తుంది కానీ, లోహం చుట్టూ చారలు పడి మరల అంచులు మసకబారతాయి. ఈ పనికి ఒక్క పన్నుకు తీసే చిన్న ఎక్స్‌రే, కోణం వంకరపోకుండా తీస్తే, చాలాసార్లు మెరుగు.

కార్డు లేనప్పుడు నేనైతే ఏఐని, డాక్టర్ కన్నును కలిపే వాడమంటాను. ఏఐ చెప్పిన మొదటి పేరుతో ఆగకుండా రెండు మూడు పేర్లు తీసుకోవాలి. డాక్టర్ ఆ కేటలాగు బొమ్మలను ఎక్స్‌రే పక్కన పెట్టి మెడ, మరలు, కొస సరిచూడాలి. ఆ తర్వాత డ్రైవర్ తెప్పించి, బలం పెట్టకుండా గుంటలో కూర్చోబెట్టి చూడాలి. వదులుగా ఆడితే తిప్పకుండా ఆపేసి, రెండో పేరు చూడాలి.